నాటిన కలుపు

నాలుగు రోజుల చలిజ్వరం తగ్గి వాల్యా చేను దగ్గరికి వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. కురవి రోడ్డు మీద ఆటో దిగి, గట్టు మీద పది అడుగులు వేసి ఆగి, మళ్లీ పది అడుగులు వేసి ఆగి, అట్లా వచ్చాడు. కాళ్లలో ఇంకా సత్తువ చేరలేదు. చేతిలోని సద్దిగిన్నె కూడా బరువనిపించింది.

చేను జగపతి పటేలుది. దాన్ని కలుపు సంఘం వాళ్లు కౌలుకు తీసుకుని పద్నాలుగేళ్లయింది. సంఘం అసలు పేరు పొడుగ్గా బోర్డు మీద రాసి ఉంది: ఉత్తర తెలంగాణ కలుపు శాస్త్రజ్ఞుల సంఘం. తండాలో అంత పేరు ఎవరూ పలకరు. ఏ మందుకు ఏ కలుపు చస్తుంది, ఏది చావదు, ఏ దేశం నుంచి ఏ పిచ్చిమొక్క వచ్చి మన చేలలో కూర్చుంది, ఇవన్నీ చూసే చదువుకున్నవాళ్ల సంఘం అది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు సార్లందరూ అందులో ఉన్నారు.

ఈ వానాకాలం మక్క వేశారు. పన్నెండు మళ్లు. నాలుగు మళ్లకు కొత్త మందు కొట్టారు. నాలుగింటిలో కూలీలతో చేతి కలుపు తీయించారు. మిగిలిన నాలుగు ముట్టని మళ్లు. వాటి మీద మందు పడకూడదు, మనిషి చెయ్యీ పడకూడదు. ఎంత కలుపు మొలిస్తే అంతా ఉండాలి. వాటి పక్కన పెట్టి చూస్తేనే మందు పని చేసిందో లేదో తెలిసేది. వాల్యా అసలు పని ఆ నాలుగింటినీ కాయడం. మేక దిగకుండా, గడ్డి కోసుకునేవాళ్లు రాకుండా చూడడం.

మొదటి ముట్టని మడి దగ్గర వాల్యా ఆగిపోయాడు. కళ్లు మసకలేమో అనుకుని కండువాతో తుడుచుకున్నాడు. రెండోదానికి వెళ్లాడు. మూడోదానికి వెళ్లాడు. నాలుగోదాని దాకా పోలేక గట్టు మీద కూలబడ్డాడు.

మళ్లు అద్దంలా ఉన్నాయి. మక్క మొదళ్ల మధ్య ఎర్రటి మట్టి తప్ప ఒక్క పోచ లేదు. మోకాలెత్తు పెరిగిన గునుగు లేదు, ఊద లేదు, తుంగ లేదు. ఎంత నేర్పుగా తీశారంటే, తుంగ గడ్డలు కూడా కొడవలి మొనతో తవ్వి బయట కుప్పేశారు. ఆ కుప్ప ఎండి నల్లబడి గట్టు మీదే ఉంది.

మధ్యాహ్నం అయ్యేసరికి చంద్రి మజ్జిగ తెచ్చింది. వాల్యా భార్య. అతను పడుకున్న నాలుగు రోజులూ ఆమే చేను చూసుకుంది. దూరం నుంచే అతని కూర్చున్న తీరు చూసి, అలసట అనుకుంది.

"చూసినవా? నువ్వు పండుకుంటే నేనేం కూసోలే," అంది చెంబు అందిస్తూ. "నేనూ ఉమా రెండు దినాలు వంగినం. మోకాలెత్తు పెరిగింది గడ్డి. సార్లు వచ్చి చూస్తే ఏమంటరు? వాల్యా జీతం తిని పండుకుంటుండు అనరా?"

"ఎవరు పీకుమన్నరే నిన్ను?"

"ఒకరు చెప్పాల్నా? కలుపు కండ్ల పడ్డంక చెయ్యి ఊకుంటదా?"

వాల్యా చెంబు పక్కన పెట్టాడు. మెల్లగా, ఒక్కో మాటా ఆగి ఆగి, ఆ మళ్ల సంగతి చెప్పాడు. చంద్రి వింటూ వింటూ గట్టు మీద అతనికి దూరంగా కూర్చుంది.

"కలుపు పెంచుతరా ఎవరన్న?" అంది చివరికి. "పద్నాలుగేండ్ల సంది నువ్వు చేసేది కలుపుకు కావలా?"

"ఔ."

"మరి నాకెన్నడు చెప్పకపోతివి."

అతను చెంబు ఎత్తి ఒక గుక్క తాగాడు. మొదటి ఏడు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. మగవాడు పొద్దంతా గడ్డికి కాపలా ఉంటాడంటే తండాలో నవ్వుతారు. తర్వాత చెప్పే అవసరం రాలేదు. పంట కాపలా అనే అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాడు.

"శారద కొలువు?" అంది చంద్రి, చెంబు మూత వెతుకుతూ.

వాల్యాకు పొద్దుటి నుంచీ అదే దిగులు. శారద వాళ్ల కోడలు. కొడుకు రాకేశ్ మానుకోటలో ఆటో నడుపుతాడు, ఇద్దరూ అక్కడే ఉంటారు. ఆ పిల్ల ఇంటర్ చదివింది. రెండేళ్లుగా, లెక్క ఉన్న రోజుల్లో మాత్రం మామ వెంట చేనుకు వచ్చి, కలుపు లెక్కపెట్టడం నేర్చుకుంది. ఈ పంటతో వాల్యా పని మానేస్తే, అతని చోట శారదను తీసుకుంటామని సంఘం కార్యదర్శి సుదర్శన్ సారు మాటిచ్చాడు. ఇంకో నాలుగు రోజుల్లో భూపాలపల్లిలో సంఘం ఏడాది సభ. ఆ సభలోనే కొలువు కాగితం చేతికిస్తానన్నాడు. సభకు ముందురోజు సార్లంతా బస్సులో ఇక్కడికే వచ్చి ఈ మళ్లు చూసి పోతారు.

వాల్యా జేబులోంచి ఫోను తీసి, గుర్తు కోసం శారద పెట్టిచ్చిన సుదర్శన్ సారు బొమ్మ మీద నొక్కాడు.

*

సుదర్శన్ సారు జనగామ నుంచి సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. వాల్యా తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడు. సారు తిట్టలేదు. పన్నెండు మళ్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, కారు డోరు తెరిచి, సీటు అంచున కూర్చుని బూట్ల మట్టి పుల్లతో గీక్కున్నాడు. చాలాసేపు అదే పని చేశాడు.

"మూడేండ్ల పరీక్ష వాల్యా ఇది," అన్నాడు. "రెండేండ్లు అయింది. ఇది ఆఖరుది. మార్చిల నాకు రిటైర్మెంటు. మళ్లొక ఏడు చేయాల్నంటే నేనుండ."

"తప్పయింది సారు. ఇంటిది తెలువక పీకింది."

"విత్తినంక నలభై రోజుల లెక్క ఉంది. అరవై రోజుల లెక్క ఒక్కటే బాకీ. అది కూడా ఎట్లుంటదో నాకు తెలుసు. ఇరవయ్యేండ్ల సంది చూస్తున్న." పుల్ల విసిరేశాడు. "లెక్క కాదు బాధ. చూసేటోళ్ల కండ్లకు కనబడాలె."

వాల్యా ఏమీ అర్థం కాక చూశాడు.

"గట్లెంబడి ఉంది కదా, గునుగు, ఊద. పటేలు చెల్క నిండ ఉంది. మట్టితోని పెళ్లగించి తెచ్చి నాటిపియ్యి."

"కలుపు నాటాల్నా సారు?"

"రెండు గంటలు చూసి పోతరు. అంతే. వాన పట్టు ఉంది, వాడిపోదు." లేచి నిలబడ్డాడు. "అరవై రోజుల లెక్క శారద రాస్తది. నలభై రోజులకంటె జర ఎక్కువ వేసుకొమ్మను. తారీకు పోయిన వారంది వెయ్యాలె. ఆమె కాగితం కూడ తయారుగనే ఉన్నది, నా బ్యాగులనే."

ఆ ఆఖరి మాట సారు బెదిరింపుగా అనలేదు. అలసిపోయిన మనిషి ఇంకో పని గుర్తు చేసుకున్నట్టు అన్నాడు. వాల్యాకు మాత్రం రెండు మాటలూ ఒకే ముడిలో పడ్డట్టు అనిపించింది.

*

మర్నాడు తండా నుంచి ఎనిమిది మంది ఆడవాళ్లు వచ్చారు. సన్నటి ముసురు. చంద్రి వాళ్లకంటే ముందే వచ్చి, పారతో పటేలు మెట్ట చెల్కలో గునుగు మొక్కలను మట్టి గడ్డతో సహా పెళ్లగిస్తూ ఉంది. ఎవరితోనూ మాట్లాడలేదు. మిగతావాళ్ల నోళ్లు మాత్రం ఆగలేదు.

"పుట్టి బుద్దెరిగిన కాంచి పీకుడే తెలుసు. నాటుడు ఇదే," అంది ఉమ తట్ట ఎత్తుకుంటూ. ఆమెది గట్టి గొంతు, గట్టి చెయ్యి. తండాలో ఏ పనికైనా ముందు నడిచేది ఆమే.

"మొన్న పీకింది నువ్వే, ఇయ్యాల నాటేది నువ్వే. రెండు కూళ్లు," అంది మౌనిక.

"రేపు మందు కూడ నేనే కొడత. మూడు."

"ఓ వాల్యన్నా, దీనికి ఎరువేమన్న ఏస్తరా?"

"మెల్లగ నవ్వుండ్రి. రోడ్డెంబడి పోయేటోళ్లు చూస్తరు," అన్నాడు వాల్యా.

"చూస్తే ఏమాయె? తండోళ్లు కలుపు సాగు చేస్తున్నరంటరు."

వయ్యారిభామ మొక్క ఒకటి చేతిలో పట్టుకుని ఒకామె పెళ్లికూతురిలా నడిచింది. అందరూ నవ్వారు. వాల్యాకూ నవ్వొచ్చింది గాని, నవ్వితే దగ్గొచ్చింది.

తర్వాత పనిలో దిగారు. చీర కుచ్చెళ్లు ఎగదోపి, ఎనిమిది మందీ మడి ఒక చివర నుంచి వరసగా వంగి, వెనక్కి అడుగులేస్తూ నాటుకుంటూ వచ్చారు. ఎడమ చేతిలో మొక్కల కట్ట, కుడి చేతి రెండు వేళ్లతో మట్టిలో గుంట, మొక్క, బొటనవేలితో ఒక నొక్కు. మళ్లీ అడుగు వెనక్కి. మాటలు తగ్గాయి. ఊపిరి, మట్టి చప్పుడు, వాన చినుకు. మధ్యాహ్నానికి రెండు మళ్లు, పొద్దుగూకేలోపు నాలుగూ అయిపోయాయి. మొక్కలు మొదట తల వాల్చాయి. సాయంత్రం వాన కాస్త గట్టిగా పడేసరికి ఒక్కొక్కటే తేరుకున్నాయి.

వాల్యా గట్టు మీద నిలబడి చూశాడు. మళ్లు చూడముచ్చటగా ఉన్నాయి. ఎక్కడో ఏదో తేడాగా తోచింది. ఏమిటో తేల్చుకునే ఓపిక లేకపోయింది.

*

మూడో రోజు పొద్దున శారద లెక్కకు వచ్చింది. మూరెడు మూరెడు భుజాలున్న ఇనుప చట్రం, అట్టకు క్లిప్పుతో పెట్టిన కాగితం, పెన్ను. చట్రాన్ని కళ్లు మూసుకుని భుజం మీదుగా వెనక్కి విసరాలి. ఎక్కడ పడితే అక్కడ, చట్రం లోపల ఉన్న కలుపు మొక్కలు లెక్కించాలి. మంచి చోటు చూసి వేస్తే అది లెక్క కాదు.

మందు కొట్టిన మళ్లు అయ్యాయి. చేతి కలుపు మళ్లు అయ్యాయి. ముట్టని మడి గట్టు మీద శారద వీపు తిప్పి నిలబడి చట్రం విసిరింది. వంగి లెక్కపెట్టింది.

"తొమ్మిది," అంది.

రెండో మడిలో విసిరింది. "తొమ్మిది."

మూడోదాంట్లో ఎనిమిది. నాలుగోదాంట్లో మళ్లీ తొమ్మిది. ఆమె చట్రం పక్కనే గొంతు కూర్చుని కాసేపు మొక్కల వైపు చూసింది. వేలితో ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు గాలిలో గీత గీసింది. తర్వాత మామ వైపు తలెత్తింది.

"మామా, ఏం రాయాలె?"

"సారు చెప్పింది తెలుసు గద బిడ్డా. నలభైల దానికంటె జర ఎక్కువ. తారీకు పోయిన వారంది."

"నువ్వేమంటవ్?"

వాల్యా చేతిలో కొలత తాడు చుట్టుకుంటున్నాడు. ఒక చుట్టు తప్పింది. విప్పి మళ్లీ చుట్టాడు.

"నేనేమంట? రాయి."

శారద అట్ట మోకాలి మీద పెట్టుకుని రాసింది. చాలాసేపే రాసింది. వాల్యా పక్కనే నిలబడి పెన్ను కదలడం చూశాడు. అతనికి చదువు రాదు. అంకెలు మటుకు కొన్ని పోలుస్తాడు గాని, వాన చినుకులకు కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకుందామె. రాసి, మడిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరు జాకెట్లో దోపుకుంది.

*

మర్నాడు జనగామ నుంచి బస్సు పదకొండింటికి వచ్చింది. నలభై మంది దిగారు. టోపీలు, మెడలో పేర్ల బిళ్లలు. అందరికంటే చివర లీలావతి మేడం దిగింది. సంఘానికి అధ్యక్షురాలు. డెబ్బై దగ్గర పడింది. మోకాళ్ల నొప్పికి ఒక చేతికర్ర. రాకముందే ఆమె గురించి సార్లు చెప్పుకునేవారు: చీకట్లో ఆకు నలిపి వాసన చూసి కలుపు పేరు చెబుతుందని.

తండా ఆడవాళ్లు ఎనిమిది మందీ నీళ్ల బిందెలు, చాయ్ గ్లాసులతో షెడ్డు పక్కన నిలబడ్డారు. సుదర్శన్ సారు మందు మళ్ల దగ్గర మైకు లేకుండానే గట్టిగా చెబుతూ నడిచాడు. అందరూ ఫోటోలు తీసుకున్నారు. ముట్టని మళ్ల దగ్గరికి వచ్చేసరికి చాలామంది దూరం నుంచే చూసి, "అబ్బ, ఏం పెరిగింది" అనుకుంటూ షెడ్డు వైపు మళ్లారు.

లీలావతి మేడం మళ్లలేదు. గట్టు అంచున చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. చేతికర్ర చాపి నేల మీద ఆనించింది, తీసింది, మళ్లీ అంతే దూరంలో ఆనించింది. మళ్లీ అంతే. చేతికర్ర మొన ప్రతిసారీ ఒక మొక్క మొదలు పక్కనే పడింది.

"సుదర్శన్," అంది, గొంతు పెంచకుండా. "గునుగు నాటు వేసినట్టు జానెడు జానెడు దూరంల మొలుస్తదా?"

అప్పుడు కనబడింది వాల్యాకు. నాలుగు మళ్లూ వరి నాటిన పొలంలా ఉన్నాయి. ఇటు నుంచి చూస్తే గీత, అటు నుంచి చూస్తే గీత. పుట్టినప్పటి నుంచి నాట్లు వేసిన చేతులకు ఇంకో తీరు తెలియదు. చెల్లాచెదరుగా నాటమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

షెడ్డు వైపు పోయినవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. సుదర్శన్ సారు ముఖం మీద చెమట తుడుచుకున్నాడు.

"మేడం, నాక్కూడ పొద్దున్నే తెలిసింది," అన్నాడు. "వాచ్‌మన్ జ్వరమొచ్చి పండుకున్నడట. తండా ఆడోళ్లు కూరాకని, గడ్డని మొత్తం పీక్కపోయిన్రు. మళ్ల మనమొస్తున్నమని తెలిసి భయపడి, తెచ్చి నాటిన్రు. కానీ అరవై రోజుల లెక్క అంతకుముందే అయిపోయింది. కాగితం ఉంది."

ఎవరో పక్కున నవ్వారు. ఆ వెనక ఇంకా కొందరు. రాహుల్ అనే చిన్న సారు వంగి ఆ వరసల ఫోటో తీసుకున్నాడు.

షెడ్డు దగ్గర ఉమ చేతిలోని గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టడం ఆపేసింది.

"వాల్యా నువ్వేనా?" అంది మేడం. "సారు చెప్పింది నిజమేనా?"

అందరూ అతని వైపు తిరిగారు. సుదర్శన్ సారు కూడా. ఆ కళ్లలో కోపం లేదు, బతిమాలడం ఉంది. అతని భుజానికి బ్యాగు వేలాడుతూ ఉంది. ఆ బ్యాగులో శారద కొలువు కాగితం ఉందని వాల్యాకు తెలుసు. చంద్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతన్నే చూస్తోంది.

"ఔ మేడం," అన్నాడు వాల్యా.

మేడం అతన్ని ఇంకో క్షణం చూసి, చెయ్యి చాపింది. "లెక్క కాగితం ఎవరి దగ్గరుంది?"

"శారదా, మేడంకు ఇయ్యమ్మా," అన్నాడు సుదర్శన్ సారు, ఊపిరి వదులుతూ.

శారద ముందుకొచ్చి కవరు ఇచ్చింది. మేడం విప్పకుండానే చేతిసంచిలో వేసుకుంది. "రూముకు పోయినంక చూస్త," అంది.

ఆ సాయంత్రం ఆడవాళ్లు చాయ్ గ్లాసులు కడిగి బోర్లించి, వాల్యాకు చెప్పకుండానే తండాకు వెళ్లిపోయారు. చంద్రి కూడా వాళ్లతోనే వెళ్లింది.

*

భూపాలపల్లికి వాల్యా, శారద పొద్దున్నే బయల్దేరారు. హన్మకొండలో బస్సు మారారు. పరకాల దాటాక వాల్యా కిటికీకి తల ఆనించి కునుకు తీశాడు. చెల్పూర్ దగ్గర కళ్లు తెరిస్తే కరెంటు ప్లాంటు పొగగొట్టం కనబడింది. చాలాసేపు అది అక్కడే ఉన్నట్టు, బస్సే కదలనట్టు అనిపించింది. శారద ఉతికిన చీర కట్టుకుంది.

సభ బొగ్గుగనుల కాలనీలోని హాల్లో. వాల్యా ఆఖరి వరసలో కూర్చున్నాడు. అడవిలో లాంటానా ఎట్లా పాకుతోందో ఒకరు చెప్పారు. చెరువుల్లో గుర్రపుడెక్క గురించి ఇంకొకరు. తెర మీద రంగురంగుల గీతలు వచ్చాయి, పోయాయి. తర్వాత రాహుల్ సారు లేచాడు. రైతులకు, కూలీలకు అవగాహన ఎంత అవసరమో చెబుతూ ఒక ఫోటో వేశాడు. ముట్టని మడి. గీత గీసినట్టు గునుగు.

"దీన్ని మేం తండా పద్ధతి అంటున్నం," అన్నాడు.

హాలంతా నవ్వింది. వాల్యా పక్కన కూర్చున్న పెద్దమనిషి కూడా నవ్వి, అతని వైపు తిరిగి, "చూసినవా పెద్దాయన" అన్నాడు. వాల్యా తలూపాడు. తెర మీద ఫోటో మూలన, మసకగా, చాయ్ గ్లాసులు పట్టుకున్న ఒక ఆడమనిషి చెయ్యి ఉంది. గాజులను బట్టి ఉమ చెయ్యి అని పోల్చుకున్నాడు.

భోజనాల ముందు మేడం వాల్యాను, శారదను, సుదర్శన్ సారును స్టేజీ వెనక గదిలోకి పిలిచింది. ప్లాస్టిక్ కుర్చీలు గోడకు దొంతరగా పెట్టి ఉన్నాయి. మేడం ఒకటి లాక్కుని కూర్చుని, కాగితం మడత విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనే మేడం," అంది శారద.

మేడం కళ్లద్దాలు సవరించుకుని చదివింది. "ముట్టని మళ్లు, నాలుగు. మొలిచిన కలుపు, సున్నా. నాటిన కలుపు, తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది." ఆగి, కింద ఉన్న రెండు వరసలూ చదివింది. "మా అత్త తెలువక పీకింది. సారు చెప్తే మేం నాటినం. ఇవి లెక్కకు రావు." తేదీ కూడా చదివింది. మొన్నటి తేదీ.

గది బయట ప్లేట్ల చప్పుడు. మొన్న వాల్యా పక్కనే నిలబడి ఉన్నాడు. పెన్ను కదలడం చూశాడు. నిన్న నలభై మంది ముందు ఔ అన్నప్పటికే, ఈ మాటలు ఆ కవరులో ఉన్నాయి.

"నిన్న నువ్వు ఔ అంటివి వాల్యా," అంది మేడం.

"అన్న మేడం."

"అబద్ధమా?"

"అబద్ధమే. ఆడోళ్ల తప్పేం లేదు."

మేడం అతన్ని ఎందుకని అడగలేదు. సుదర్శన్ సారు వైపు తిరిగింది. సారు గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. బ్యాగు భుజం మీంచి తీసి కింద పెట్టాడు.

"ఈ ఏడు పరీక్ష రద్దు," అంది మేడం. "మళ్ల చెయ్యాల్సిందే. కురవి చేను కౌలు కూడ ఈ పంటతోనే అయిపోతది, ఇగ పొడిగించరు. వచ్చే ఏడు జనగామల చేస్తరు." శారద వైపు తిరిగింది. "చేను లేనప్పుడు అక్కడ మనిషిని తీసుకోలేరమ్మా. నీకు అబద్ధం చెప్పలేను."

"సరే మేడం."

"ఆ ఫోటో తీసేయిస్త."

"నవ్వినోళ్లు నవ్విన్రు గద మేడం," అంది శారద. గట్టిగా అనలేదు.

మేడం కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. లేవడానికి చేతికర్ర అందకపోతే సుదర్శన్ సారే తీసి అందించాడు.

భోజనానికి వాళ్లిద్దరూ ఆగలేదు. గేటు దాటుతుంటే సారు వెనక నుంచి పిలిచి, కారులో బస్టాండు దాకా దింపుతానన్నాడు. వాళ్లు దిగుతుంటే స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ముందుకే చూస్తూ అన్నాడు:

"ఆమెకు నేర్పింది నేనే వాల్యా. కండ్లకు కనబడ్డదే రాయాలె అని."

ఆ గొంతులో కోపముందో, ఇంకేమన్నా ఉందో వాల్యాకు తెలియలేదు.

బస్సు కదిలాక చాలాసేపటికి వాల్యా అడిగాడు. "నాకొక మాట చెప్తే ఏమాయె బిడ్డా?"

"చెప్తే వద్దంటవు మామా."

"మరి నేను ఔ అన్నప్పుడన్న."

శారద కిటికీ అద్దం మీది చినుకులు చూసింది. "చెప్పుదామనే నోరు తెరిచిన. నువ్వు నాకోసమే అన్నవని తెలుసు. అంతమందిల నిన్ను అబద్ధమాడినోన్ని చేయబుద్ధి కాలే."

ఆ మాట విన్నాక వాల్యా మళ్లీ నిద్రపోలేకపోయాడు.

*

మర్నాడు పొద్దున అతను చేనుకు పోలేదు. జగపతి పటేలు మిరప తోటలో కలుపు తీస్తున్నారని తెలుసు. ఎనిమిది మందీ అక్కడే ఉన్నారు. చంద్రితో తొమ్మిది. మునుం పట్టి, మనిషికో సాలు, సగం దూరం పోయారు. వాల్యా గట్టు దిగి వాళ్ల వెనక నిలబడ్డాడు.

"ఆ పొద్దు సారు మీ మీద చెప్పిండు. నేను ఔ అన్న," అన్నాడు. "శారద కొలువుకు ఆశపడి అన్న. కొలువు పోయింది. మీ పేరు పోయింది. తప్పు నాది."

ఎవరూ పని ఆపలేదు. కొడవళ్లు మట్టిలో కరకరమంటున్నాయి.

"నాకు శెవులున్నయ్ వాల్యన్నా. ఆ పొద్దే విన్న," అంది ఉమ, తల ఎత్తకుండా. "కూరాకుకు పీక్కపోయినమట. మా ఇండ్లల్ల కూరే లేనట్టు."

మౌనిక ఏదో అనబోయి, చంద్రిని చూసి ఊరుకుంది. చంద్రి సాలు చివర దాకా పోయి మట్టి దులుపుకుంటోంది. ఇటు తిరగలేదు.

మునుంలో కుడి చివర ఒక సాలు ఖాళీగా ఉంది. ఎవరూ పట్టలేదు. వాల్యా కండువా తలకు చుట్టి, దాంట్లో గొంతు కూర్చున్నాడు. కొడవలి తెచ్చుకోలేదు. చేత్తోనే పీకడం మొదలుపెట్టాడు. గరిక రాలేదు. రెండు చేతులా పట్టి లాగితే తెగి వచ్చింది, వేరు లోపలే ఉండిపోయింది. వేళ్లతో తవ్వాడు. మూడు గజాలకే ఊపిరి ఆడలేదు. ఆగాడు. మళ్లీ పీకాడు.

మునుంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి సాలు వెనకబడితే, ముందు ముగించినవాళ్లు చివర నుంచి ఎదురు వచ్చి పంచుకుంటారు. అడగాల్సిన పని లేదు. ముసలివాళ్లకు, బాలింతలకు, ఒంట్లో బాగాలేనివాళ్లకు, అందరికీ అదే. వాల్యా తల్లి చివరి రెండేళ్లూ అట్లాగే పని చేసింది.

ఆడవాళ్లు ఒక్కొక్కరే సాళ్లు ముగించి గట్టెక్కారు. నీళ్ల బిందె చుట్టూ కూర్చున్నారు. వాల్యా సాలులో సగానికి కూడా రాలేదు. తలెత్తి చూడకుండా ఉండడానికి మట్టి వైపే చూశాడు. బిందెలో చెంబు మునిగిన చప్పుడు వినబడింది. ఒకసారి, రెండుసార్లు. ఎవరో దగ్గారు. ఎవరూ లేవలేదు. వాళ్లది తప్పు కాదనుకున్నాడు. ఇంకో తుంగ మొదలు పట్టుకుని లాగాడు.

చాలాసేపయ్యాక గట్టు మీద గాజుల చప్పుడైంది.

"ఈ ముసలోడు పొద్దుగూకేదాక తీస్తడు. మనల ఇంటికి పోనిచ్చేటట్టు లేడు," అంది ఉమ ఎవరితోనో. మూతి తుడుచుకుని, కొడవలి తీసుకుని, అతని సాలు చివర దిగి కూర్చుంది. తల ఎత్తలేదు. అతన్ని చూడలేదు. కొడవలి మాత్రం చకచకా ఇటువైపే కదిలి వస్తోంది.

ఇద్దరి మధ్య ఇంకా ఇరవై గజాల గడ్డి ఉంది. వాల్యా మోకాళ్లు ముందుకు జరుపుకుని, చెయ్యి చాపాడు.